ఇప్పగింజ కొండది, లాభం ఎవరిది?

పట్నాల్లో యిప్పుడు "సహజం" అన్న మాటకి మంచి గిరాకీ వచ్చింది. సబ్బు మీద వేపాకు బొమ్మ, షాంపూ సీసా మీద కుంకుడుకాయ బొమ్మ, ముఖానికి రాసుకునే లేపనం మీద పసుపుకొమ్ము బొమ్మ. కొన్ని కంపెనీలు యింకో అడుగు ముందుకేసి, తమ సరుకు కొంటే అడవిబిడ్డలను ఆదుకున్నట్టేనని చెప్పుకుంటున్నాయి. నాతవరం కొండల కింద కూలిజనంలో పనిచేసేవాళ్లం గనుక మేం అడిగేది ఒక్కటే. కాయ ఏరిన చేతికి వచ్చేదెంత? ఆ ధర చెప్పేదెవరు?

ఈ ప్రశ్న మనదొక్కరిదే కాదు. పడమటి ఆఫ్రికాలో, ఘనా, బుర్కినా ఫాసో, మాలి, నైజీరియా దేశాల్లో షియా అనే చెట్టు వుంది. అది మన ఇప్పచెట్టుకి చుట్టం. శాస్త్రజ్ఞులు రెండింటినీ ఒకే వృక్ష కుటుంబంలో చేర్చారు. ఇక్కడ ఇప్పగింజ నుంచి నూనె తీసినట్టే అక్కడ షియా గింజ నుంచి వెన్న తీస్తారు. ఏరేది అక్కడా ఆడవాళ్లే. గింజలు ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచి, వేయించి, నూరి, నీళ్లు పోసి గంటలకొద్దీ చేత్తో పిసికితే గాని వెన్న తేలదు. అది పెద్ద పెద్ద కంపెనీల లేపనాల్లోకీ చాక్లెట్లలోకీ పోతుంది.

2025 ఆగస్టులో నైజీరియా ప్రభుత్వం ముడి గింజల ఎగుమతిని ఆరునెలలపాటు నిషేధించింది. ఎందుకని? లోకంలో దొరికే షియాలో సుమారు 40 శాతం తమ దేశానిదే అయినా, 650 కోట్ల డాలర్ల వ్యాపారంలో తమ వాటా ఒక్క శాతం మాత్రమేనని ఆ ప్రభుత్వమే చెప్పింది. గింజ అమ్మినవాడికి కూలి గిట్టుతుందో లేదో తెలియదు. వెన్నతీసి డబ్బాకెత్తినవాడికి మాత్రం లాభం ఖాయం.

దయగల వ్యాపారులు లేరా అని అడగొచ్చు. వున్నారు. 1976లో ఇంగ్లండులో అనితా రాడిక్ పెట్టిన బాడీ షాప్ అనే కంపెనీ 1990ల నుంచి ఘనాలోని టమాలే ప్రాంతపు ఆడవాళ్ల సంఘం దగ్గర నేరుగా షియా వెన్న కొన్నది. దళారీని తప్పించడం మంచిపనే, కాదనం. కాని 2006లో ఆ కంపెనీని లోరియల్‌కి సుమారు 65 కోట్ల పౌండ్లకి అమ్మేశారు. 2017లో బ్రెజిల్ కంపెనీ నాచురా కొన్నది. 2023లో మరొకరి చేతికి పోయింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో దుకాణాలు నడపలేని స్థితికొచ్చి, దివాలా వ్యవహారాలు చూసే నిర్వాహకుల పాలైంది. ఇన్ని చేతులు మారినా గింజలు ఏరిన ఆడవాళ్ల సంతకం ఎక్కడా అవసరపడలేదు. యజమాని దయ యజమానితోనే పోతుంది. హక్కు అలా పోదు.

ఇక మన సంగతి. మన రాష్ట్రంలో గిరిజన సహకార సంస్థ 1956 నుంచి వుంది. విశాఖపట్నం కేంద్రంగా తేనె, చింతపండు, కుంకుడుకాయ, శీకాయ కొంటుంది. సబ్బులూ, శీకాయపొడీ తయారుచేసి "గిరిజన్" పేరుతో అమ్ముతుంది. 1979 రెగ్యులేషన్ ద్వారా షెడ్యూల్డు ప్రాంతాల్లో అటవీ ఫలసాయం కొనే హక్కు దానికే దఖలు పడింది. షావుకార్ల కుంచాల మోసం నుంచి గిరిజనుల్ని కాపాడ్డానికి అటువంటి సంస్థ వుండాల్సిందే. ప్రైవేటు వాళ్లకి అప్పగించమనే మాట మేం ఒప్పుకోం. అయితే పేరులో సహకారం వున్నా, నడిపే మేనేజింగ్ డైరెక్టర్ని నియమించేది ప్రభుత్వం. ఏరేవాళ్లు అమ్మకందార్లుగానే మిగిలారు, యజమానులు కాలేదు.

నాతవరం మండలంలో కష్టం యింకా ఎక్కువ. సరుగుడు వంటి కొండపల్లెల్లో వుండేది ఆదివాసీలే. కాని ఆ వూళ్లు షెడ్యూల్డు ప్రాంతంలో లేవు. పక్కనున్న కొయ్యూరుకి వర్తించే 1979 రెగ్యులేషన్ గాని, 1996 నాటి పెసా చట్టం గాని వీళ్లకి వర్తించవు. ఒకే కొండ, ఒకే కుంకుడుచెట్టు, గట్టుకి అటొక చట్టం, యిటొక చట్టం! పైగా చెట్టుకే ఎసరు వచ్చింది. సరుగుడు పంచాయతీ బమిడికలొద్ది దగ్గర లేటరైట్ తవ్వకాల గొడవ 2021లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. చెట్టు కొట్టేశాక సహజమైన సబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అయితే ఒక ఆయుధం మన చేతిలో వుంది. 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డు, నాన్‌షెడ్యూల్డు తేడా లేదు. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం, ఏరుకుని అమ్ముకునే హక్కు దాని మూడో సెక్షన్ యిచ్చింది. 2012లో సవరించిన నిబంధనలు యింకా స్పష్టంగా చెప్పాయి. అమ్ముకోవడమంటే ముడి కాయ అమ్ముకోవడం ఒక్కటే కాదు. వూళ్లోనే పొడికొట్టుకోవచ్చు, నూనె తీసుకోవచ్చు, సహకార సంఘం పెట్టుకుని బయటికి తోలుకోవచ్చు.

డబ్బు మాటా చూద్దాం. 2018లో మొదలైన వన్‌ధన్ పథకం కింద యిరవైమంది చొప్పున పదిహేను సంఘాలు, అంటే 300 మంది కలిస్తే ఒక కేంద్రానికి 15 లక్షల రూపాయలు యిస్తామన్నారు. కేంద్రం 2020లో తేనెకి కిలో 225 రూపాయలు, గింజతో వున్న చింతపండుకి 36 రూపాయలు మద్దతు ధర ప్రకటించింది. కాగితం మీద ధర వుంటే చాలదు. సంతలో కాటా పెట్టి ఆ ధరకి కొనే మనిషి వుండాలి. లేకపోతే ఆ రోజు ఉప్పూ బియ్యం కోసం వచ్చిన మనిషి ఎవడెంతకి అడిగితే అంతకి యిచ్చేసి పోతుంది.

కాబట్టి మనం అడగాల్సినవి యివి. షెడ్యూల్డు కాని కొండపల్లెల సంతల్లోనూ సహకార సంస్థ కాటా పెట్టి, అక్కడికక్కడే డబ్బు యివ్వాలి. అటవీ హక్కుల కమిటీలు వూరుమ్మడి హక్కుపత్రాలకి దరఖాస్తులు పెట్టాలి, అధికార్లు వాటిని మూలన పడెయ్యకూడదు. ఇప్పగింజకి గానుగ, కుంకుడుకాయకి పొడిమర కొండకిందే పెట్టాలి, వాటి లెక్కలపుస్తకం ఏరే ఆడవాళ్ల చేతిలో వుండాలి. ఏజెన్సీ ఫలసాయంతో చేసిన ప్రతి సబ్బు మీదా అమ్మే ధర పక్కన ఏరినవారికి యిచ్చిన ధర కూడా అచ్చెయ్యాలి.

పొలంలో కూలి లేని నెలల్లో కింది పల్లెల కూలీలూ కొండ ఎక్కి కాయలు ఏరుతున్నారు. అందుచేత యిది గిరిజనుల సమస్య, మనకెందుకని వ్యవసాయ కార్మిక సంఘాలు వూరుకోరాదు. కూలిరేటు కోసం ఎట్లా కూర్చుని మాట్లాడుకుంటున్నామో, కాయరేటు కోసం కూడా అట్లాగే కూర్చోవాలి. వచ్చే ఇప్పగింజల కాలంలోపే ఆ పని మొదలుపెడదాం.