సముద్రం అడుగున సామాను గది

ఇంట్లో పెద్దవాళ్ళు పోయాక వాళ్ళ ట్రంకుపెట్టె ఎప్పుడైనా తెరిచారా? మడత నలగని చీర, సగం అరిగిన సబ్బు, తాళంచెవుల గుత్తి... ఏదీ కదపబుద్ధి కాదు. ఈ వారం మీకు చెప్పబోయేది అలాంటి పెట్టె సంగతే. కాకపోతే దీని పొడవు సుమారు 126 మీటర్లు, ఉన్నది ఈజిప్టు దగ్గర ఎర్రసముద్రం అడుగున!

పేరు థిసిల్‌గార్మ్. 1940లో ఇంగ్లండులోని సండర్‌లాండ్‌లో తయారైన సరుకుల ఓడ. అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. ఈజిప్టులో పోరాడుతున్న బ్రిటిష్ సైన్యానికి సామాన్లు నింపుకుని 1941లో బయల్దేరింది. మధ్యధరా సముద్రంలో శత్రువుల భయం ఉండటంతో ఆఫ్రికా అంతా చుట్టి వచ్చింది. సూయజ్ కాలువకి వెళ్ళే దారి దొరక్క లంగరేసి ఉండగా, అక్టోబరు 6న అర్ధరాత్రి దాటాక జర్మన్ విమానాలు బాంబులు వేశాయి. మందుగుండు ఉన్న గది పేలింది. డెక్కు మీదున్న రైలింజన్లు ఎగిరి సముద్రంలో పడ్డాయంటే ఆ పేలుడు ఎంతటిదో ఊహించుకోండి. తొమ్మిదిమంది చనిపోయారు. మండుతున్న డెక్కు మీదుగా పరుగెత్తి, గాయపడిన తోటివాణ్ణి మోసుకొచ్చిన ఆంగస్ మెక్‌లే అనే నావికుడికి తర్వాత జార్జ్ మెడల్ ఇచ్చారు.

ఫ్రెంచి సముద్ర పరిశోధకుడు కుస్తో 1950ల్లో ఈ ఓడని కనిపెట్టి, 1956లో వచ్చిన 'ది సైలెంట్ వరల్డ్' సినిమాలో చూపించారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అందరూ మరిచిపోయారు. 1990ల నుంచి మాత్రం స్కూబా డైవర్లు తండోపతండాలుగా వస్తున్నారు.

స్కూబా అంటే వీపున సిలిండర్ కట్టుకుని నీళ్ళలోకి దిగడం. అందులో ఉండేది ఆక్సిజన్ అనుకుంటాం గానీ, మామూలుగా వాడేది మనం పీల్చే గాలే, బాగా కుక్కి నింపుతారు. ఈ ఓడ సుమారు 30 మీటర్ల లోతున ఉంది. అక్కడ ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి నాలుగు రెట్లు. కనుక సిలిండర్‌లో గాలీ అంత త్వరగానే ఖర్చయిపోతుంది. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, హడావుడి అసలే పనికిరాదు.

లోపల ఏముందంటారా? వరసగా నిలబెట్టిన బి.ఎస్.ఎ. మోటార్‌సైకిళ్ళు, బెడ్‌ఫర్డ్ లారీలు, తుపాకులు, టైర్లు, రబ్బరు బూట్లు. ఎవరి కాళ్ళకీ ఎక్కని బూట్లండీ అవి! తొడుక్కోవలసిన కుర్రాళ్ళు ఎక్కడో ఎదురు చూస్తూనే ఉండిపోయి ఉంటారు. ఇప్పుడా సామాన్ల మధ్య చేపలు కాపురం ఉంటున్నాయి.

బాధ కలిగించే సంగతి ఒకటుంది. చూడ్డానికి వెళ్ళినవాళ్ళే ఈ ఓడని కొంచెం కొంచెంగా చెరిపేస్తున్నారు. పడవలవాళ్ళు తాళ్ళని ఓడకే కట్టేవారు. అల వచ్చినప్పుడల్లా పడవ లాగుతుంటే తుప్పు పట్టిన ఇనుము ఎంతకని ఆగుతుంది? డైవర్లు వదిలిన గాలి కూడా లోపల పైకప్పు కింద చేరి తుప్పుని పెంచుతుంది. అది బయటికి పోవడానికని 2007లో కన్నాలు కూడా పెట్టాల్సి వచ్చింది. ఇక 'గుర్తుగా ఉంటుంది' అంటూ మోటార్‌సైకిళ్ళ భాగాలు ఊడదీసి పట్టుకుపోయినవాళ్ళకి కొదవే లేదు. అంతెందుకు, కుస్తో బృందం కూడా ఓడ గంటని పైకి తెచ్చుకుంది.

'ఒక్క బోల్టు తీస్తే ఏమవుతుందిలే' అనిపించవచ్చు. కానీ అది తొమ్మిదిమంది ప్రాణాలు పోయిన చోటు. పరామర్శకి వెళ్ళిన ఇంట్లోంచి గ్లాసు సంచిలో వేసుకొస్తామా మనం?

మీ పిల్లలు ఏ సముద్రంలోనైనా స్కూబాకి వెళతామంటే భయపడి ఆపకండి. మంచి శిక్షకుడి దగ్గర నేర్చుకోమనండి, ఒంటరిగా దిగవద్దని గట్టిగా చెప్పండి. వెళ్ళేముందు ఇంకో మాట కూడా చెవిన వేయండి: "కళ్ళారా చూసి రా నాన్నా, చేత్తో మాత్రం ఏదీ తేకు."