దవడ నొప్పి అంటే ముందు మెడ చూడండి

వచ్చే సభలో ఒక విషయం పెట్టాలనుకుంటున్నాం. ముందే రాస్తున్నాం, అందరూ ఆలోచించి రండి.

మన పూర్వభాగంలో చాలా ఇళ్లల్లో ఈ మాట వింటున్నాం. చెవి ముందు నొప్పి, నోరు తెరిస్తే టక్కుమని చప్పుడు, ఆవలిస్తే దవడ పట్టేయడం. పంటి నొప్పే అనుకుని గోలీలు మింగుతారు. కొందరు బాగున్న పన్ను కూడా పీకించుకుంటారు. డబ్బు పోతుంది, పన్ను పోతుంది, నొప్పి మాత్రం ఉంటుంది.

మేం తమిళ బడిలో చదివినవాళ్లం, పెద్ద పెద్ద తెలుగు పదాలు రావు. వాడుక మాటల్లోనే చెప్తాం. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే దవడ కీలు. తల ముందుకు వాలితే మెడ వెనక కండరాలు బిగుస్తాయి, దవడ కండరాల మీదా భారం పడుతుంది. పైగా మెడ నరాలు, ముఖం నరాలు మెదడు అడుగున ఒకచోట కలుస్తాయి. అందుకే మెడలో పుట్టిన నొప్పి దవడలో తెలియవచ్చు. మెడ ఒక్కటే కారణమని మేం అనం. నిద్రలో పళ్లు కొరకడం, దిగులు, దెబ్బ తగలడం కూడా ఉంటాయి.

ఇక మన పనులు చూడండి. బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒళ్లో చేట పెట్టుకుని గంటల తరబడి తల వంచుతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన, తల ఎత్తితే లెక్క తగ్గుతుంది. సాంచెల మీద తెగిన పోగు కోసం వంగుతారు. మేమూ రైల్వేలో రిజిస్టర్ల మీద వంగే ఉద్యోగం చేశాం. పిల్లలేమో మొబైల్ మీద వంగుతున్నారు.

2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీర్ఘకాలపు దవడ నొప్పికి సూచనలు వచ్చాయి. తెలిసినవాళ్లు దగ్గరుండి చేయించే దవడ వ్యాయామం, సాగదీయడం, కూర్చునే తీరు సరిచేసే వ్యాయామం, వీటిని గట్టిగా సిఫారసు చేశారు. కీలులోని మెత్తటి బిళ్ల తీసే ఆపరేషన్ వద్దని అంతే గట్టిగా చెప్పారు.

చిలీ దేశపు ఫిజియోథెరపిస్టు మరియానో రొకబాడో పద్ధతిలో 6 వ్యాయామాలు, ఒక్కొక్కటి 6 సార్లు, రోజుకు 6 మార్లు. అందులో సులువైనవి ఇవి. నాలుక కొనను పై ముందుపళ్ల వెనక అంగిలికి ఆనించి, పెదవులు మూసి, పళ్లు తాకకుండా ఉంచి ముక్కుతో ఊపిరి తీయండి. నాలుకను అలాగే ఉంచి, అది జారనంత వరకే నోరు మెల్లగా తెరిచి మూయండి. గడ్డాన్ని నేరుగా వెనక్కి లాగి, తల పైకి నిక్కించండి. భుజాలను వెనక్కి, కిందికి లాగండి. నొప్పి పెరిగితే ఆపేయండి.

ఒక హెచ్చరిక. గుట్కా, మావా, సుపారీ నమిలేవాళ్లకు నోరు బిగుసుకుపోతే అది వేరే జబ్బు కావచ్చు, క్యాన్సర్‌కూ దారితీస్తుంది. తమ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టనివాళ్లు వ్యాయామం అంటూ కూర్చోకుండా డాక్టరుకు చూపించుకోవాలి. నడిచినప్పుడు దవడ నొప్పి, ఛాతీలో బరువు వస్తే అది గుండె సంగతి, వెంటనే దవాఖానకు పోవాలి.

"కూలికే టైం లేదు, వ్యాయామం ఎక్కడిది?" అని అడుగుతారు. ఆ మాట నిజమే. రోజంతా వంచిన మెడకు పది నిమిషాల వ్యాయామం ఒక్కటే చాలదు. అందుకే మేం అడిగేవి మూడు. నెలకో ఆదివారం సంఘం హాలులో ఫిజియోథెరపిస్టును పిలిపించాలి, ఆడవాళ్లకు వేరే సమయం పెట్టాలి. కారఖానా యజమానులైన మన సభ్యులు పూటకు ఐదు నిమిషాలు, కూలి కోయకుండా, మెడ ఎత్తే విరామం ఇవ్వాలి. ఇంట్లో బీడీలు చేసే తల్లికి వీపు గోడకు ఆనేలా చోటిచ్చి, చేట కింద దిండు పెట్టి ఎత్తు పెంచే పని ఇంటి మగవాళ్లది.

సత్కారాలకు, శాలువాలకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించినా ఫిజియోథెరపిస్టు ఫీజు వెళ్లిపోతుంది. ఒప్పుకోనివాళ్లు కూడా కారణం రాయండి, సభలో మాట్లాడుకుందాం.