మట్టి ద్రోణుడు మోచెయ్యి సరిచెయ్యడు



హాస్టల్ అన్నం మీద రాసిన పోయిన భాగం చదివి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, అన్నం అయిపోయింది, ఇంక పర్సనల్ ట్రైనర్ గురించి రాయి" అని. పక్కన రెండు నవ్వు బొమ్మలు. జిమ్ము, ట్రైనరు అంటే డబ్బున్నోళ్ల సరదా అని అతని వెటకారం. నేను వెటకారంగా తీసుకోలేదు. నా మాట ముందే చెప్పేస్తున్నాను. ట్రైనర్ అనేవాడు సరదా కాదు. అందరికంటే ఎక్కువ అవసరం మనకే. తరతరాలుగా మనకి దక్కకుండా పోయినవాటి లెక్క రాస్తే అందులో చదువు, భూమి, గుడి, బావితో పాటు ఇదీ ఉంటుంది.

"మీవోళ్లకి కసరత్తెందుకురా, పనే కసరత్తు." గోదావరి జిల్లాల్లో ఈ మాట వినకుండా పెరిగిన పేట కుర్రాడు ఉండడు. పొగడ్తలా వినిపిస్తుంది. దాంట్లో ఉన్న మోసం చూడండి. మన దగ్గర ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. ముఠా కూలీ దాన్ని రోజంతా ఒకే భుజం మీద మోస్తాడు. ఎన్ని బస్తాలు, ఎంతసేపు అన్నది లారీ తేలుస్తుంది, మిల్లు తేలుస్తుంది. అతని నడుం తేల్చదు. ఊడ్పుల్లో మన అమ్మలు పొద్దున్న వంగితే సాయంత్రం లేస్తారు. నలభై దాటకుండానే నడుం పట్టేస్తుంది. అది కసరత్తయితే మా అమ్మ మోకాళ్లు ఇలా ఎందుకుంటాయి?

పని ఒంటిని వాడుకుంటుంది. శిక్షణ ఒంటిని పెంచుతుంది. మంచి ట్రైనర్ ఈ రోజు 20 కిలోలు ఎత్తిస్తాడు. ఒళ్లు అలవాటు పడ్డాక ఇంకో రెండున్నర కిలోలు కలుపుతాడు. నిద్ర పట్టిందా, తిన్నావా అని అడుగుతాడు. లేదంటే ఆ రోజు బరువు తగ్గిస్తాడు. వారంలో విశ్రాంతి రోజు ఆయనే పెడతాడు. విశ్రాంతి కూడా శిక్షణలో భాగమని మన వంశంలో ఎవరికైనా ఎవరైనా చెప్పారా? బస్తా అదే, బరువు అదే. ఎంత మొయ్యాలో ఎవరు నిర్ణయిస్తున్నారు, ఎవరి కోసం నిర్ణయిస్తున్నారు అన్నదే తేడా.

ఇప్పుడు ఏకలవ్యుడి దగ్గరికి వస్తాను. మన సభల్లో ఆయన బొటనవేలు గురించి మాట్లాడని వక్త ఉండడు. నిజమే, అది దోపిడీ. కానీ బొటనవేలు పోయింది కథ చివర. అన్యాయం మొదలైంది కథ మొదట్లో, నేర్పను పొమ్మన్నప్పుడు. ఆ తర్వాత మట్టి బొమ్మ పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాడని మనం చప్పట్లు కొడతాం. నాకు ఆ చప్పట్ల దగ్గరే పేచీ. మట్టి ద్రోణుణ్ని నువ్వు చూడగలవు. వాడు నిన్ను చూడలేడు. నీ మోచెయ్యి కిందికి జారితే చెప్పడు. ఆ లోటంతా ఏకలవ్యుడు తన రక్తంతో పూడ్చుకున్నాడు. అలా పూడ్చుకోలేక వెనక్కి వెళ్లిపోయిన వందమంది గురించి ఏ కథా లేదు.

మన కాలపు మట్టి ద్రోణుడు యూట్యూబ్. ఫోన్ గోడకి ఆనించి పెట్టి, ఎవరో చేస్తుంటే చూసి చేస్తారు మన పిల్లలు. వీడియో తప్పని నేననను. కానీ అది నిన్ను చూడదు. ట్రైనర్ ఇచ్చే మొదటి లాభం, అసలైన లాభం, చూపు. మన ఒంటిని మనం వెనక నుంచి చూసుకోలేం.

ఇది గాల్లో మాట కాదు, ఉద్యోగం మాట. కానిస్టేబుల్ సెలక్షన్ తీసుకోండి. 2022 నవంబర్‌లో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చినప్పుడు మన పేటల్లో డిగ్రీ అయిన ప్రతి రెండో కుర్రాడూ కాలవ గట్టెక్కాడు. మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. అంటే రౌండుకి సరిగ్గా 2 నిమిషాలు. ఇంత చిన్న లెక్క. అయినా ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పొద్దున్నే నిలబడి చూడండి. మొదటి రౌండు నిమిషంన్నరలో కొట్టేస్తారు. మూడో రౌండుకి నడుం మీద చేతులు. సత్తువ లేక కాదు, సత్తువని నాలుగు భాగాలు చేసుకోవడం నేర్పినవాడు లేక. స్టాప్‌వాచీ పట్టుకుని "రెండు నిమిషాలకి ముందు నా దగ్గరికి రావద్దు" అని ఆపే మనిషి ఒక్కడుంటే రెండు నెలల్లో కథ మారిపోతుంది.

మరి ఆ మనిషి లేనివాడు ఏం చేస్తాడు? నిన్న ఫెయిలయ్యాడు కాబట్టి ఇవాళ ఇంకో నాలుగు కిలోమీటర్లు ఎక్కువ పరిగెడతాడు, సిమెంటు రోడ్డు మీద, అరిగిన బూట్లతో. పదిహేను రోజుల్లో పిక్క ముందు ఎముక లాగడం మొదలవుతుంది. నొప్పి మాత్ర వేసుకుని మళ్లీ పరుగు. ఈవెంట్స్ రోజుకి కుంటుతూ వెళ్తాడు. రిజర్వేషన్ ఉండి కూడా ఆ మైదానంలో ఓడిపోతాడు. పోస్టు పోయిందని ఎవరూ రాయరు, "ఫిజికల్‌లో పోయాడు" అంటారు. ఆ ఒక్క ముక్కలో ఎన్ని కుటుంబాలు ఆగిపోయాయో మనకి తెలుసు.

ఇంకో సంగతి ఉంది. ట్రైనర్ పని ముట్టుకోకుండా జరగదు. వీపు వంగితే అరచెయ్యి పెట్టి నిలబెట్టాలి. మోకాలు లోపలికి వాలితే పట్టుకుని సరిచెయ్యాలి. అంటరానితనం మన దగ్గర నుంచి బావి నీళ్లే కాదు, ఆ అరచేతిని కూడా లాగేసుకుంది.

పల్వంకర్ బాలూ సంగతి తెలుసు కదా. దళితుడు, ఈ దేశం కన్న తొలితరం గొప్ప బౌలర్. పూనా క్లబ్‌లో పిచ్ చదును చేసే పని. గ్రెగ్ అనే ఇంగ్లీషు ఆటగాడికి నెట్స్‌లో గంటల తరబడి బంతులేశాడు. ఆ దొర బ్యాటింగ్ మెరుగుపడింది, ఈయన బౌలింగ్ పదునెక్కింది. కానీ ఆ నెట్స్‌లో బ్యాట్ పట్టుకునే అవకాశం మాత్రం బాలూకి ఇవ్వలేదు. బంతి తీసుకున్నారు గానీ టీ మాత్రం బయట మట్టి కప్పులో పోశారు. అయినా 1911 ఇంగ్లండ్ టూర్లో వందకి పైగా వికెట్లు తీశాడు. ఆయన గొప్పతనం ఆయనదే. నా ప్రశ్న మాత్రం ఇది: ఒకరి సాధనకి పనిముట్టుగా ఉంటూ మిగిలింది ఏరుకున్నవాడే ఇంత చేస్తే, ఆయన కోసమే ఒకరు నిలబడి నేర్పి ఉంటే?

నేర్పితే ఏమవుతుందో తెలుగు నేల మీదే చూశాం. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలిద్దరు ఎవరెస్ట్ ఎక్కారు. మాలావత్ పూర్ణ ఆదివాసీ బిడ్డ, పద్నాలుగేళ్లు నిండలేదు. సాధనపల్లి ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా దళిత బిడ్డ. పత్రికలు ధైర్యం గురించి రాశాయి. ధైర్యం మన పిల్లలకి ఎప్పుడు లేదు? కొత్తగా వచ్చింది శిక్షణ. భువనగిరి గుట్ట మీద శేఖర్ బాబు తాడు పట్టడం నేర్పాడు. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్ చలి. మెట్టు మీద మెట్టు. ఆ మెట్లకి ప్రభుత్వ గురుకులం డబ్బు పెట్టింది.

వరంగల్ జిల్లా కల్లెడ కూలీల బిడ్డ దీప్తి జీవన్‌జీని ఊళ్లో వెక్కిరించినవాళ్లు ఎందరో. ఆమె పరుగుని చూసినవాడు కోచ్ నాగపురి రమేష్. 2024లో కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ట్రైనర్ ఇంట్లోనే ఉండేవాడు. తర్వాత గోపీచంద్ అకాడమీ. చిరాగ్ శెట్టితో కలిసి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం. ఆ కుర్రాడి కష్టాన్ని తక్కువ చెయ్యను. కానీ చూసేవాడున్న ఇంట్లో పుట్టడం, చూసేవాడు లేని పేటలో పుట్టడం ఒకటి కాదు.

"డబ్బులెక్కడివన్నా" అంటారు. ఒక్కడే పెట్టుకుంటే భారమే. పదిమంది కలిసి ఒకర్ని పెట్టుకోండి. వారానికి మూడు పొద్దులు చాలు, మిగతా రోజులు ఆయన రాసిచ్చింది మీరే చేసుకోవచ్చు. ఏప్రిల్ 14కి డీజేకి, ఫ్లెక్సీలకి పోగుచేసే చందాలో సగం తీస్తే కొన్ని నెలలు నడుస్తుంది. పేటలో కమ్యూనిటీ హాలు తాళం వేసి ఉంటుంది కదా, తియ్యండి. బీపీఎడ్ చదివి ఖాళీగా ఉన్న మన అన్నలు, అక్కలు ఉన్నారు, వాళ్లకీ బతుకు. ఆడపిల్లలకి మహిళా ట్రైనర్ ఉండాలి. ఎవరైనా సరే, అడిగి చెయ్యి వెయ్యాలి. పౌడర్ డబ్బాలు, సూదులు అమ్మేవాణ్ని గేటు దగ్గరే ఆపండి, వాడు ట్రైనర్ కాదు వ్యాపారి. మొదటి రోజే ఇంటిపేరు ఆరా తీసేవాడి సంగతి చెప్పక్కర్లేదు.

చందాతో ఆగితే మాత్రం మళ్లీ మన కష్టాన్ని మనమే పూడ్చుకున్నట్టు. ఎస్సీ సబ్‌ప్లాన్‌కి 2013 నుంచి చట్టం ఉంది. హాస్టల్ గోడలకి రంగు వెయ్యడానికి నిధులున్నప్పుడు, హాస్టల్ పిల్లలకి జీతమిచ్చే ట్రైనర్‌ని పెట్టడానికి ఎందుకుండవు? కొలిచిన ట్రాకు, ఇసుక గుంట, స్టాప్‌వాచీ, ఒక మనిషి. ఇది వినతిపత్రంలో రాయడానికి నాలుగు లైన్లు. పేటలో బాబాసాహెబ్ విగ్రహం నిలబెట్టుకున్నాం, కోనసీమ జిల్లాకి ఆయన పేరు సాధించుకున్నాం. ఆ పేరున్న జిల్లాలో మన పిల్లల పరుగుని చూసే ఒక జత కళ్లు సాధించుకోలేమా?

విద్యార్థి సంఘాల తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వారం మీ హాస్టల్‌కి వెళ్లి ఒక్కటే అడగండి: ఇక్కడ మీరు పరిగెడుతుంటే చూసేవాళ్లెవరు? వచ్చిన జవాబు కింద రాయండి, ఊరి పేరుతో సహా. వచ్చే భాగంలో ఆ జాబితాతోనే వినతిపత్రం తయారు చేద్దాం.

జై భీమ్.