బిస్కెట్ మీద పన్ను తగ్గింది, ఇరానీ చాయ్ మాత్రం 20 దగ్గరే ఎందుకుంది?

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. బిస్కెట్లు, కేకులు, ఖారీ లాంటి బేకరీ సరుకు మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. నెయ్యి, వెన్న, కండెన్స్‌డ్ మిల్క్ కూడా 12 నుంచి 5కి వచ్చాయి. ఈ వార్త చదివిన హైదరాబాదీకి వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే. "భాయ్, అన్నీ తగ్గాయంటున్నారు, మరి చాయ్ ఎప్పుడు తగ్గుతుంది?" కౌంటర్ దగ్గర కూర్చున్న సేఠ్ నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు వెనక ఉన్న లెక్క చాలామందికి తెలీదు.

నగరంలో చాలా ఇరానీ హోటళ్లు కప్పు చాయ్‌ని 15 నుంచి 20 రూపాయలకు పెంచింది 2022 మార్చిలో. అప్పట్లో కమర్షియల్ గ్యాస్ సిలిండర్ రెండు వేలు దాటింది, చాయ్‌పత్తా, పాలు, చక్కెర అన్నీ ఒకేసారి పైకెళ్లాయి. ఐదు రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ రోజుకు నాలుగు చాయ్‌లు తాగే ఆటో డ్రైవర్‌కు అది నెలకు 600 రూపాయలు. పిల్లల స్కూల్ ఆటో ఫీజులో సగం. ఒకప్పుడు ప్రతి టేబుల్ మీదా వినిపించిన "ఏక్ మే దో" పిలుపు, అంటే ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకోవడం, ఇప్పుడు చాలా చోట్ల వినిపించదు. కొన్ని హోటళ్లు బోర్డు పెట్టి మరీ వద్దంటున్నాయి.

పన్ను తగ్గినా చాయ్ ఎందుకు తగ్గలేదో తెలియాలంటే ముందు కప్పులో ఏముందో చూడాలి. ఇరానీ చాయ్ అంటే పాలల్లో పత్తా వేసి మరిగించేది కాదు. డికాక్షన్ వేరు, పాలు వేరు. డికాక్షన్‌ను మూత బిగించి, సన్నని సెగ మీద దమ్ ఇస్తారు. పాలను ఇంకో గిన్నెలో చిక్కబడే దాకా మరిగిస్తారు. గిరాకీ వచ్చాక కప్పులో డికాక్షన్ పోసి, పైన పాలు కలుపుతారు. పౌనా అడిగితే పాల పాలు ఎక్కువ. అంటే ఫజర్ నమాజ్ వేళ వెలిగిన పొయ్యి అర్ధరాత్రి దాకా ఆరదు. మామూలు టీ బండిలో గ్యాస్ ఒక ఖర్చు. ఇరానీ హోటల్లో గ్యాసే ప్రధాన ఖర్చుల్లో ఒకటి.

ఇప్పుడు ఒక్కో సరుకు మీద పన్ను చూద్దాం. తాజా పాల మీద ముందు నుంచీ పన్ను లేదు, కాబట్టి తగ్గేదీ లేదు. సెప్టెంబర్‌లో సున్నా అయింది యూహెచ్‌టీ పాలే, వాటితో ఇరానీ చాయ్ కాయరు. పైగా అమూల్, మదర్ డెయిరీ 2025 ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో లీటరుకు రెండు రూపాయలు పెంచాయి. చాయ్‌పత్తా మీద 5 శాతం పన్ను అలాగే ఉంది. చక్కెర మీదా 5 శాతమే, మార్పు లేదు. ఇంట్లో వాడే సిలిండర్ మీద 5 శాతం, హోటల్ సిలిండర్ మీద 18 శాతం, అదీ మారలేదు. కొత్త రేట్ల పండుగలో చాయ్ గిన్నె దాకా వచ్చింది దాదాపు ఏమీ లేదన్నమాట.

ఇంకో చిక్కు ఉంది. హోటల్ వాళ్లు గిరాకీ దగ్గర 5 శాతం జీఎస్టీ తీసుకుంటే, తాము కట్టిన పన్నును అందులోంచి తీసేసుకునే వీలు చట్టంలో లేదు. సిలిండర్ అసలు ధర 1,500 అనుకుంటే దాని మీద 270 పన్ను. బట్టల దుకాణం వాడైతే ఇలాంటి పన్నును లెక్కలో చూపి సర్దుకుంటాడు. హోటల్ వాడికి ఆ 270 పోయినట్టే. అది చివరికి కప్పు ధరలోనే కలుస్తుంది.

అద్దె సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. పాత ఇరానీ హోటళ్లు చాలావరకు మూల మీది షాపుల్లో, ఎవరివో పాత బిల్డింగుల్లో అద్దెకు నడుస్తున్నాయి. 2024 అక్టోబర్ 10 నుంచి ఒక నిబంధన వచ్చింది. బిల్డింగ్ యజమానికి జీఎస్టీ నంబర్ లేకపోయినా, అద్దెకున్న వ్యాపారికి నంబర్ ఉంటే, అద్దె మీద 18 శాతం పన్ను అద్దెకున్నవాడే కట్టాలి. నెలకు 50 వేల అద్దె అయితే 9 వేలు పన్ను. అంటే 450 కప్పుల చాయ్ అమ్మిన డబ్బు, లాభం కాదు, మొత్తం డబ్బు. ఆ తర్వాత కాంపోజిషన్ స్కీములో ఉన్న చిన్న వ్యాపారులకు దీన్నుంచి మినహాయింపు ఇచ్చారు. మధ్యస్థాయి హోటళ్ల మీద మాత్రం భారం అలాగే ఉంది. పాత హోటల్ మూతపడి అక్కడ సెల్‌ఫోన్ షోరూమో, షూ షాపో తెరిచారని విన్నప్పుడల్లా "కొడుకులకు ఇష్టం లేదట" అనేస్తాం. నిజమే కావచ్చు. కొడుకులకు ఇష్టం ఎందుకు పోయిందో ఈ లెక్కలో కొంత కనిపిస్తుంది.

ఇక బిస్కెట్ దగ్గరికి వద్దాం. ఉస్మానియా బిస్కెట్‌ను సాసర్‌లో పెట్టి టేబుల్ మీదకు తెస్తే అది హోటల్ సర్వీస్ కింద లెక్క, దాని మీద ఇంతకుముందూ 5 శాతమే. అదే బిస్కెట్‌ను డబ్బాలో కట్టించుకుని ఇంటికి తీసుకెళ్తే 18 శాతం ఉండేది. కాబట్టి తగ్గాల్సింది డబ్బా ధర. పన్నుతో కలిపి 236 రూపాయలున్న డబ్బా, అసలు ధర మారకపోతే, 210కి రావాలి. జెద్దా, దుబాయ్‌లో ఉన్న చుట్టాలకు ఐదారు డబ్బాలు పంపే కుటుంబాలకు ఇది చిన్న మొత్తం కాదు. అయితే ఒక మెలిక. జీఎస్టీ నంబరే లేని చిన్న బేకరీ ఎన్నడూ ఆ 18 శాతం విడిగా వసూలు చేయలేదు, కాబట్టి అక్కడ తగ్గింపు అడగడంలో అర్థం లేదు. బిల్లు ఇచ్చి, పన్ను చూపించి అమ్మే పెద్ద బేకరీలో మాత్రం అడగొచ్చు, అడగాలి కూడా. పన్ను తగ్గినా ధర తగ్గించని వ్యాపారి మీద జీఎస్టీ చట్టం కింద కొత్త ఫిర్యాదులు తీసుకోవడం 2025 ఏప్రిల్ 1 నుంచి ఆగిపోయింది. మిగిలింది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

బిల్లు చూసే అలవాటు చాయ్ విషయంలోనూ మంచిదే. ఏడాదికి 20 లక్షల లోపు అమ్మకం ఉన్న హోటల్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 20 రూపాయల చాయ్ మాత్రమే అమ్మితే అది రోజుకు 270 కప్పులకు కాస్త పైన. కాంపోజిషన్‌లో ఉన్న హోటల్ తన జేబులోంచి 5 శాతం కట్టాలి, గిరాకీ బిల్లులో జీఎస్టీ అని వేయకూడదు. ఆ సంగతి బోర్డు మీద రాసి పెట్టాలి కూడా. ఆ బోర్డు కిందే కూర్చుని, జీఎస్టీ కలిపిన బిల్లు కట్టి వచ్చే కుటుంబాలు లేకపోలేదు.

పత్తా మాటకొస్తే, అసలు కథ అస్సాంలో ఉంది. 2023లో దేశంలో సుమారు 139 కోట్ల కిలోల తేయాకు పండితే, 2024లో అది 128 కోట్ల కిలోల దగ్గర ఆగింది. మొదట ఎండలు, తర్వాత వరదలు. పైగా చలికాలపు నాసి ఆకు మార్కెట్‌కు రాకుండా టీ బోర్డు ఆ ఏడాది నవంబర్ 30కే చాలా తోటల్లో కోత ఆపించింది. వేలంలో ధర పెరిగింది. హోటళ్లు వాడేది డస్ట్ రకం, అంటే పొడి. రంగు త్వరగా దిగుతుంది, తక్కువ పత్తాతో ఎక్కువ కప్పులు వస్తాయి. ఉత్తర భారత తోటల డస్ట్ మొత్తం వేలం ద్వారానే అమ్మాలని కేంద్రం 2024 ఫిబ్రవరిలో నిబంధన తెచ్చింది. నాణ్యత మీద నిఘా ఉండాలన్నది ఉద్దేశం.

నిఘా అవసరమే. పత్తా ఖరీదైనప్పుడల్లా కల్తీ మొదలవుతుంది. వాడేసిన పత్తాను ఆరబెట్టి రంగు కలపడం, కొబ్బరి చిప్పల పొడి కలపడం కొత్తవి కావు. జిల్లాల్లో "హైదరాబాదీ ఇరానీ చాయ్" బోర్డులు వీధికొకటి వెలిశాయి. అన్నీ కల్తీవని కాదు, చాలామంది నిజాయితీగా కష్టపడుతున్న కుర్రాళ్లు. కానీ దమ్ గిన్నె కనిపించకుండా, రెండు నిమిషాల్లో ఎర్రటి చాయ్ వచ్చే చోట ఒకసారి ఆలోచించాలి. ఇంట్లో పరీక్ష తేలికే. ఫిల్టర్ పేపర్ మీద కాస్త పత్తా పరిచి చన్నీళ్లు చిలకరించి, పత్తా తీసేసి, పేపర్ కడిగి వెలుతురులో చూడాలి. కొత్త పత్తా చన్నీళ్లకు రంగు దించదు. మరకలు మిగిలితే అందులో రంగు కలిసినట్టే. పిల్లలకు పాలల్లో రెండు చుక్కల డికాక్షన్ కలిపే ఇళ్లలో ఇది చేసి చూడటం అవసరం.

హోటళ్లు అన్నీ నష్టాల్లో ఉన్నాయనుకోవడం కూడా పొరపాటు. చార్మినార్ పక్కన నిమ్రా ముందు తెల్లవారుజాము నుంచే జనం. కేఫ్ నీలోఫర్ రెడ్‌హిల్స్ నుంచి బంజారాహిల్స్, హైటెక్ సిటీ దాకా వెళ్లింది. ఏసీ, ఫ్యామిలీ సీటింగ్, పార్కింగ్ ఉన్న చోట ఎక్కువ ధరకూ జనం వెనకాడటం లేదు. ఆడవాళ్లు, పిల్లలతో కూర్చునే వీలు పాత హోటళ్లలో ఏనాడూ సరిగా లేదు, కొత్తవాటికి ఆ గిరాకీ ఊరికే రాలేదు. దెబ్బ తింటున్నది మధ్యలో ఉన్న మొహల్లా హోటల్. దాని గిరాకీ 25 రూపాయలు ఇవ్వలేడు, దానికి 20 గిట్టుబాటు కాదు. ధర పెంచలేక కప్పు సైజు తగ్గించిన చోట్లు ఇప్పటికే కనిపిస్తున్నాయి.

కమర్షియల్ సిలిండర్ ధరను ఆయిల్ కంపెనీలు ప్రతి నెలా ఒకటో తారీఖున సవరిస్తాయి. అస్సాం కొత్త ఆకు మార్చి, ఏప్రిల్‌లో వేలానికి వస్తుంది. 20 రూపాయల కప్పు నిలుస్తుందా లేదా అన్నది ఈ రెండింటి మీదే ఎక్కువ ఆధారపడి ఉంది. హోటల్ గ్యాస్ మీద 18 శాతం పన్నును తగ్గించాలని మన ఎంపీలు గట్టిగా అడగగలిగితే, అది మూడో విషయం అవుతుంది.