ముందే కట్టిన టూరుకి బీమా కావాలా?

దసరా సెలవులకి ఊటీ టూరు. హోటలుకి డబ్బంతా ముందే కట్టేశారు. నర్సీపట్నం రోడ్డులో రైలెక్కడమే తరువాయి. "మళ్ళీ బీమా ఎందుకూ, దండగ!" అంటారు ఇంట్లో మగవాళ్ళు.

తొందరపడకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఎన్నో రైళ్ళు రద్దయ్యాయి. రైలు రద్దయితే టికెట్టు డబ్బు పూర్తిగా తిరిగొస్తుంది. మరి హోటలు సొమ్మో? ఆన్‌లైన్ టికెట్టుతోపాటు తీసుకునే పైసల బీమా రైలు ప్రమాదాలకే, ప్రయాణం మానుకుంటే రాదు.

అందుకని తిరిగిరాని సొమ్మెంతో ముందు లెక్కేసుకోండి. వెయ్యో, రెండు వేలో అయితే వదిలేయండి. ఎక్కువైతే బీమా తీసుకోండి, అదీ తుఫాను కబురు రాకముందే! అత్తగారి పాత షుగరు, బీపీలకి వర్తిస్తుందో లేదో కాగితం చదివి మరీ కట్టండి.