అద్దం లాంటి నేల ఎవరి కోసం?

తుంటి ఎముక విరిగి వచ్చిన వృద్ధుల కేస్ షీట్లలో మేము తరచుగా రాసే వాక్యం ఒకటుంది: "స్నానాల గదిలో కాలు జారి పడ్డారు." నా ఉద్యోగకాలమంతా నేనూ అదే రాశాను. వయస్సు అడిగాను, రక్తపోటు, మధుమేహం, వాడుతున్న మందులు అడిగాను. ఆ గదిలో పరచినది ఏ టైల్ అని మాత్రం ఏనాడూ అడగలేదు. నేరమంతా కాలిదేనని విచారణ లేకుండా తీర్పు చెప్పినట్లే కదా! ఆ తీర్పు తప్పని ఇన్నేళ్ళకు వాదించదలచుకున్నాను.

మీరు ఇల్లు కడుతున్నారనుకోండి. స్లాబులో ఇనుము ఎంత వేయాలో ఇంజనీరు నిర్ణయిస్తాడు. సింహద్వారం ఎటు ఉండాలో వాస్తు తెలిసినవారు చెబుతారు. ఆ స్లాబు మీద ఏమి పరచాలనే నిర్ణయాన్ని మాత్రం షోరూములోని దీపాలకు వదిలేస్తారు. అక్కడ మీరు చెప్పులు వేసుకొని, పొడినేల మీద నిలబడి, మీ నీడ అందులో ఎంత చక్కగా కనబడుతోందో చూసి మురిసిపోతారు. ఇంట్లో దాని మీద నడిచేవి వట్టి కాళ్ళు. వాటి కింద సబ్బునీళ్ళు, తలంటు నాడు నూనె, ఇప్పుడే తుడిచి వెళ్ళిన తడి.

విట్రిఫైడ్ టైల్ తన బరువులో అర శాతం నీటిని కూడా పీల్చుకోదు. మరకల విషయంలో అది గొప్ప గుణమే. కానీ పడిన నీరు పడినట్లే పైన పల్చని పొరగా నిలుస్తుంది. పాలిష్ చేసిన ఉపరితలంలో ఆ పొరను ఛేదించి పాదాన్ని పట్టుకోగల గరుకుదనం మిగలదు. పైగా తెల్లని మెరుపులో నీరు కంటికి ఆనదు; శుక్లాలున్న కంటికి అసలే కనబడదు. మధుమేహంతో నరాలు దెబ్బతిన్న అరికాలికి తడి స్పర్శ తెలియదు. రక్తపోటుకో, ప్రోస్టేటుకో మాత్రలు వేసుకునే మనిషి అర్ధరాత్రి లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరగవచ్చు. ఇవన్నీ కలిసే చోట మనం అద్దం పరుస్తున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల మరణిస్తున్నారు. వారిలో అరవై దాటినవారే అధికం. తుంటి విరిగితే శస్త్రచికిత్సతో కథ ముగియదు. మంచం పట్టడం, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాలి సిరల్లో గడ్డలు, వీపున పుండ్లు ఒకదాని వెంట ఒకటి రావచ్చు. తుంటి విరిగిన వృద్ధులలో దాదాపు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరగకుండానే మరణిస్తున్నారు.

"చూసుకొని నడవాలి గదండీ!" అంటారు ఇంటిల్లిపాదీ. నాకు మిక్కిలి కోపం తెప్పించే మాట ఇది. డెబ్బై ఏళ్ళు చూసుకొని నడిచిన మనిషికి ఇప్పుడు నడక నేర్పుతారా? మా ఇంట్లో అద్దం లాంటి టైల్స్ ఎంచినవాణ్ణి నేనే. నా భార్య వంటింట్లో జారి మణికట్టు విరగ్గొట్టుకున్న నాడు నేను కూడా మొదట అన్నది ఆ మాటే. సిగ్గుపడుతూ చెబుతున్నాను.

గరుకు టైల్ మురికి పడుతుందని మరొక వాదన. నిజమే, వారానికొకసారి బ్రష్షుతో రుద్దాలి. తుంటి ఆపరేషను తరువాత చేసే సేవతో పోలిస్తే అది ఎంత పని? ఇక మ్యాట్ వేస్తే సరిపోతుందనేవారు, అంచు మడత పడిన మ్యాట్‌కు కాలు తగిలి పడినవారిని చూసి ఉండరు. పాతకాలపు నాపరాళ్ళే మేలని కూడా నేను అనను. పాలిష్ పట్టిన తాండూరు బండ తడిస్తే అదీ జారుతుంది. మ్యాట్ టైల్ మెరుపు టైల్ కంటే ఖరీదు కానవసరం లేదు. చాలాసార్లు తక్కువకే దొరుకుతుంది.

టైల్ వివరాల పత్రంలో ఆర్9 నుంచి ఆర్13 వరకు ఒక అంకె ఉంటుంది. అది నూనె పోసిన వాలు మీద బూట్లతో నడిపించి ఇచ్చిన కొలత. వట్టి కాళ్ళతో, సబ్బునీటి మీద చేసే పరీక్ష వేరు. దానికి ఎ, బి, సి అని తరగతులు. స్నానాల గదికి బి లేదా సి అడగండి. అంగడివాడికి తెలియకపోతే చెప్పులు విప్పి, టైల్ మీద సబ్బునీళ్ళు పోయించి, మడమతో రుద్ది చూడండి. నవ్వితే నవ్వనివ్వండి.

పరచడంలోనూ ప్రమాదముంది. నీరు పీల్చని టైల్‌కు వట్టి సిమెంటు పాలు సరిగా పట్టవు. టైల్ అడ్హెసివ్ వాడించండి. సందులు వదలకుండా ఒకదానికొకటి ఆనించి పరిస్తే, ఎండకు వ్యాకోచించి ఒకనాడు టైల్స్ పైకి లేస్తాయి. లేచిన అంచుకు కాలు తన్నుకుంటుంది. పాత టైల్స్ మీదే కొత్తవి అతికిస్తే గుమ్మం దగ్గర అర అంగుళం మెట్టు మిగులుతుంది. చీకట్లో దానికే తట్టుకుంటారు. స్నానాల గదిలో అడుగు చదరపు టైల్స్ మేలు: వాలు సరిగా కుదురుతుంది, సందులు ఎక్కువై కాలికి పట్టు దొరుకుతుంది. మీటరుకు ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల వాలు ఉండాలి. మేస్త్రీకి ఆఖరి డబ్బులిచ్చే ముందు కర్రతో ప్రతి టైల్‌నూ తట్టి డొల్ల శబ్దం వస్తుందేమో వినండి. తరువాత ఒక బకెట్టు నీళ్ళు కుమ్మరించి పావుగంట ఆగండి. ఎక్కడ మడుగు నిలిచిందో అక్కడ ఆ రోజే విప్పించి మళ్ళీ వేయించండి.