మిషన్ చేతికిచ్చి లెక్క దాచిపెడితే ఎట్లా?

మన పల్లెల్లో, గూడేల్లో ఇప్పుడు చాలామంది కుర్రోళ్ళకు వెల్డింగ్ పని వచ్చు. కొంతమంది ఐటీఐలో నేర్చుకున్నారు, కొంతమంది పట్నం షాపుల్లో రేకులు మోస్తూ, చీవాట్లు తింటూ నేర్చుకున్నారు. నేర్చుకున్నాక సొంతంగా బతుకుదామని లోనుకు పోతారు. ఎస్సీ కార్పొరేషన్ అనండి, 2015లో వచ్చిన ముద్రా అనండి, కాళ్ళరిగేలా తిరిగితే ఎప్పటికో ఒక యూనిట్ చేతికొస్తుంది. వెల్డింగ్ మిషన్ ఒకటి, చిన్న జనరేటర్ ఒకటి, కటింగ్ మిషన్ ఒకటి. ఫోటో తీస్తారు, పంపిస్తారు.

ఏడాది తిరిగేసరికి ఆ మిషన్ ఏ మూలన పడుందో చూడండి. అప్పుడు బ్యాంకువాళ్ళు, ఊళ్ళోవాళ్ళు ఒకే మాట అంటారు. 'వీళ్ళకేమిచ్చినా అంతే, నిలబెట్టుకోలేరు' అని.

నేనంటాను, నిలబెట్టుకోలేకపోవడం కాదు. ఆ జనరేటర్ ఆ మిషన్‌ను మొదటి రోజు నుంచే నడపలేదు. నడపలేదని అమ్మినవాడికి తెలుసు. కొటేషన్ చూసి సంతకం పెట్టిన ఆఫీసరుకు తెలియాలి. తెలియంది మనోడికొక్కడికే. అప్పు మాత్రం మనోడి పేరు మీద ఉంది.

జనరేటర్ అవసరమేముందని అడగొచ్చు. వెల్డర్ పని షాపులో కూర్చుంటే రాదు. కోతల్లో వరికోత మిషన్ విరిగేది పొలం మధ్యలో. ట్రాక్టర్ ట్రక్కు ఊడేది డొంకలో. కొత్త ఇంటికి గేటు పెట్టేనాటికి ఆ ఇంటికి మీటరే రాదు. అక్కడ లైను ఉండదు. ఉన్నా వోల్టేజీ ఉండదు. అప్పుడు ఆసామి ఏమంటాడు? 'పైన తీగ ఉందిగా, కొండీ తగిలించరా' అంటాడు. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 135 ప్రకారం అది దొంగతనం. మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. విజిలెన్స్ జీపు వచ్చినప్పుడు చేతిలో హోల్డర్‌తో దొరికేది ఎవరు? తగిలించమన్న ఆసామి కాదు, తగిలించిన కుర్రోడు. అందుకే సొంత జనరేటర్ ఉండటమంటే సోకు కాదు. ఒకడి దయ మీద ఆధారపడకుండా పని చేసుకోవడం.

అయితే ఏ జనరేటర్? ఇక్కడే లెక్క కావాలి. లెక్కల మాస్టారు చెప్తున్నాడని భయపడొద్దు. గుణకారం, భాగహారం వస్తే చాలు.

10 నంబర్ రాడ్డు కాలాలంటే సుమారు 120 ఆంపియర్లు పెట్టాలి. కాలేటప్పుడు రాడ్డు దగ్గర ఉండే వోల్టేజీ సుమారు 25. రెండింటినీ గుణిస్తే 3,000 వాట్లు. ఇది రాడ్డు తినేది. మిషన్ కూడా కొంత తింటుంది. మంచి ఇన్వర్టర్ మిషన్ అయినా నూటికి ఇరవై వేడి కింద పోతుంది. అంటే మిషన్‌కు 3,750 వాట్లు అందాలి. ఇంకా అయిపోలేదు. మామూలు ఇన్వర్టర్ మిషన్లకు పవర్ ఫ్యాక్టర్ 0.7 దాకానే ఉంటుంది. 3,750ని 0.7తో భాగిస్తే 5,350 దాటుతుంది. దీన్నే 5.3 కేవీఏ అంటారు. జనరేటర్‌ను గొంతుదాకా నడిపితే ఎక్కువ రోజులు బతకదు కాబట్టి పావు వంతు పైన వేసుకోవాలి. తేలిందేమిటి? 10 నంబర్ రాడ్డుకు 7 కేవీఏ జనరేటర్ కావాలి.

12 నంబర్ రాడ్డు, 80 ఆంపియర్లు అనుకుని ఇదే లెక్క కట్టండి. 4 కేవీఏ పైచిలుకు వస్తుంది. అంటే నిఖార్సయిన 5 కేవీఏ ఉంటే కిటికీలు, గ్రిల్సు చేసుకోవచ్చు. 3 కేవీఏ తెస్తే సన్న రాడ్డుతో రేకు అతికించడానికి తప్ప పనికిరాదు.

ఇది ఇన్వర్టర్ మిషన్ సంగతి. పాత రాగి చుట్టల ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ అయితే లెక్క వేరు. రాడ్డు తగిలించకముందు దాని వోల్టేజీ 70 ఉందనుకోండి. దాన్ని 120తో గుణిస్తే 8,400. అంటే 8.4 కేవీఏ అది లాగుతుంది. దానికి 10 కేవీఏకు మించిన సెట్టు కావాలి. అది మోటారు సైకిల్ వెనక కట్టుకుపోయేది కాదు, ట్రాలీ మీద లాక్కెళ్ళేది. అందుకని తిరిగి పని చేసేవాడికి ఇన్వర్టర్ మిషనే నయం. బరువూ తక్కువే, భుజాన తగిలించుకుపోవచ్చు.

నా దగ్గర చదువుకున్న ఒక కుర్రోడికి పట్నంలో ఒక షాపువాడు ట్రాన్స్‌ఫార్మర్ మిషన్‌నూ, 3 కేవీఏ పెట్రోలు జనరేటర్‌నూ జత చేసి యూనిట్ అని అంటగట్టాడు. రాడ్డు అంటించగానే ఇంజను గుర్రుమని ఆగిపోయేది. వాడు తనకు పని రాదనుకున్నాడు, రాడ్డు తేమెక్కిందనుకున్నాడు, మెకానిక్కులకు డబ్బు పోశాడు. చివరికి పెట్టెల మీద రాసున్న అంకెలు కలిపి చూస్తే తెలిసింది, ఆ రెండింటికీ ఈ జన్మలో పొత్తు కుదరదని. అడగబోతే, అమ్మిన సరుకు వాపసు తీసుకోరట.

ఇంకో మోసం చూడండి. జనరేటర్ పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే అంకె చాలాసార్లు 'మాక్సిమం'. అంటే కాసేపు మాత్రమే ఇవ్వగలిగేది. గంటల తరబడి ఇచ్చేది 'రేటెడ్'. అది లోపల చిన్న ప్లేటు మీద ఉంటుంది. కొనేటప్పుడు చూడాల్సింది ఆ చిన్న ప్లేటు. మన ఎండల్లో అది కూడా పూర్తిగా రాదు, వేడికి ఇంజను బలం తగ్గుతుంది. ఏవీఆర్ ఉందా లేదా అన్నదీ అడగాలి. వోల్టేజీని ఒక మట్టంలో పట్టి ఉంచేది అదే. అది లేకపోతే, రాడ్డు తీసిన ప్రతిసారీ వోల్టేజీ ఎగిరి ఇన్వర్టర్ మిషన్ లోపలి భాగాలు కాలిపోవచ్చు. ముందు జనరేటర్ స్టార్టు చేసి నిలకడగా తిరగనిచ్చి, తర్వాత మిషన్ స్విచ్ వేయాలి. ఆపేటప్పుడు ముందు మిషన్, తర్వాత జనరేటర్. జనరేటర్ నుంచి మిషన్‌కు సన్న వైరు లాగొద్దు. 30 మీటర్ల ఒక ఎంఎం వైరులో 20 ఆంపియర్లు పోతే 20 వోల్టులు దార్లోనే పోతాయి. అక్కడ రెండున్నర ఎంఎం రాగి వైరుకు తక్కువ వాడకూడదు.

డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. ప్రాణం సంగతి చెప్పాలి.

వానొచ్చిందనో, ఎత్తుకుపోతారనో జనరేటర్‌ను షెడ్డులో పెట్టి తలుపేస్తారు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, తర్వాత మగత, అంతే. లేచి బయటకు రావాలన్న తెలివి కూడా ఉండదు. జనరేటర్ ఎప్పుడూ ఆరుబయటే, తలుపుకూ కిటికీకీ ఇరవై అడుగుల దూరంలో ఉండాలి. నిప్పురవ్వలు దాని వైపు పోకూడదు. ఇంజను చల్లారకుండా పెట్రోలు పోయకూడదు. తడి నేల మీద, చెమట బట్టలతో పని చేస్తే వెల్డింగ్ మిషన్‌లో ఉండే ఆ 70 వోల్టులే మనిషిని చంపగలవు. చెప్పులతో, ఉత్త చేతుల్తో పని చేయించేవాడు పని చేయించుకోవడం లేదు, ప్రాణంతో ఆడుకుంటున్నాడు.

ఇంకొకటుంది. కరెంటు పోయినప్పుడు జనరేటర్ వైరును గోడ ప్లగ్గులో గుచ్చి షాపు మొత్తం నడుపుతారు. మెయిన్ తీయకపోతే ఆ కరెంటు వెనక్కి లైనులోకి ఎక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోతే అవతల వైపు 11 వేల వోల్టులవుతుంది. లైను చచ్చిపోయిందనుకుని స్తంభం ఎక్కినవాడు తీగ మీదే కాలిపోతాడు. స్తంభం ఎక్కేదెవరు? లైన్‌మాన్ కింద నిలబడి పైకెక్కించే హెల్పర్ కుర్రోడు. అంటే మనోడి జనరేటర్‌కు మనోడే బలి. చేంజోవర్ స్విచ్ లేకుండా షాపు వైరింగ్‌కు జనరేటర్ కలపనే కూడదు.

1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన అంబేడ్కర్ చేతిలో విద్యుత్ విధానం కూడా ఉండేది. ఈ సంగతి మన మీటింగుల్లో ఎంతమంది చెప్తారు? కరెంటు లెక్క మనది కాదని ఎవరన్నారు?

కూలి సంగతి కూడా తేల్చాలి. 5 కేవీఏ పెట్రోలు జనరేటర్ లోడు మీద గంటకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగుతుంది. లీటరు వంద దాటిన రోజుల్లో ఇది గంటకు నూట యాభై, రెండొందల పైమాట. మనోళ్ళు గేటుకింత అని నోటిమాటగా ఒప్పుకుంటారు, పెట్రోలు తమ జేబులోంచి పోస్తారు. ఆ పైన ఆసామి 'పంటొచ్చాక ఇస్తాలేరా' అంటాడు. పెట్రోలు బంకువాడు అరువివ్వడు కదా! జనరేటర్ ఖర్చు వేరుగా, రాడ్ల ఖర్చు వేరుగా, కూలి వేరుగా కాగితం మీద రాసి, పెట్రోలు డబ్బు ముందే తీసుకోవాలి. ఇది అడుక్కోవడం కాదు, వ్యాపారం.

కాబట్టి సంఘాల బాధ్యులకు ఒక మాట. లోను ఇప్పించడంతో మన పని అయిపోలేదు. పేటలో ఎవరు వెల్డింగ్ యూనిట్‌కు దరఖాస్తు పెట్టినా షాపుకు ఇద్దరు తోడు వెళ్ళండి. అయిదు ప్రశ్నలు రాసుకుపోండి. జనరేటర్ రేటెడ్ కేవీఏ ఎంత? ఏవీఆర్ ఉందా? మిషన్ 120 ఆంపియర్ల దగ్గర ఎన్ని కేవీఏ లాగుతుంది? ఎంతసేపు ఏకధాటిగా కాలుస్తుంది? చెడిపోతే ఎవరు, ఎన్నాళ్ళలో బాగుచేస్తారు? జవాబులు కొటేషన్ వెనక రాయించి, ముద్ర వేయించండి. తర్వాత అదే జనరేటర్‌కు అదే మిషన్ తగిలించి, షాపు ముందే పది రాడ్లు వరసగా కాల్పించండి. ఇంజను ఆగకుండా పది రాడ్లూ కాలితేనే సంతకం పెట్టండి. కాల్చనివ్వకపోతే పక్క షాపుకు పోండి.